కింది రెండంగుళాలు

జూలై 29, మంగళవారం

మధ్యాహ్నం 12 గంటల 19 నిమిషాలకు రాజ్యసభలో కళావతి పేరు చదివారు.

చదివింది ఎంపీ జగదీశ్వర్. పేరు, ఉద్యోగం, ముద్రలో ఉన్న టీబీ మందుల కేంద్రం పేరు, మూడూ చదివాడు. ప్రత్యక్ష ప్రసారం. ఆఫీసు టీవీలో చూశాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ రోజు జాబితాలో మా ప్రశ్న నాలుగోది. నక్షత్రం గుర్తు పడింది కాబట్టి మంత్రి నిలబడి జవాబు చెప్పాలి, దాని మీద జగదీశ్వర్ మళ్లీ అడగవచ్చు. మందుల కొరత ఎక్కడా లేదని మంత్రి చెప్పారు. జగదీశ్వర్ లేచి, హైదరాబాద్ పాతబస్తీలో ఒక కేంద్రంలో జూన్ 19 నుంచి జూలై 7 దాకా పంతొమ్మిది రోజులు నిల్వ సున్నా అన్నాడు. స్టాక్ రిజిస్టర్ పేజీ నకలు ఎత్తి చూపించాడు. అధికార పక్షం వాళ్లు లేచారు. ఆ కాగితం ఎక్కడిది, ఎవరు రాశారు, ధ్రువీకరించండి అని కేకలు. ధ్రువీకరించి సభ ముందుంచాలని సభాపతి ఆదేశించారు. జగదీశ్వర్ ఫైల్లోంచి ఇంకో కాగితం తీశాడు. పూర్తి కాగితం. కింద ఉన్న సంతకం, ముద్ర చదివాడు. తర్వాత దాని మీద తన సంతకం పెట్టి ఇచ్చాడు.

మంత్రి అన్న మాట నోట్ చేసుకున్నాను: "ఇది నిజమైతే బాధ్యులపై చర్య తీసుకుంటామని సభకు హామీ ఇస్తున్నాను."

పైన 'మా ప్రశ్న' అని రాశాను. ప్రశ్న ఆయనది. రాసింది నేను.

నేను ఆయనకిచ్చిన నకల్లో పేరు లేదు. సంతకం ఉన్న కింది రెండంగుళాలు కత్తిరించి ఇచ్చాను. ఉదయం 11.46కి ఆయన మెసేజ్ పెట్టాడు. నేను చూసేసరికి ఆలస్యమైంది.

జూలై 30, బుధవారం

మొదటి పేజీలో నా పేరుతో వచ్చింది. కళావతి పేరు రాయలేదు. 'ఒక ఉద్యోగిని' అని రాశాను. మిగతా మూడు పేపర్లు పేరు వేశాయి. ఒకటి ఫోటో కూడా వేసింది, ఏదో పెళ్లిలో తీసింది.

సాయంత్రం అయిదు గంటలకు ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టు ఫార్మసిస్ట్ కళావతిని విచారణ ముగిసే వరకు విధుల నుంచి తప్పించారు. కేంద్రంలోకి రాకూడదు. రోగులతో మాట్లాడకూడదు. అభియోగం: అధికారిక రికార్డు బయటికి ఇవ్వడం. కేంద్రంలోని రిజిస్టర్లన్నీ విచారణ కోసం తీసుకెళ్లారు.

సభలో అన్న మాటకు సభ్యుడి మీద కేసు వేయడానికి లేదు. సభలో జరిగింది ఉన్నదున్నట్టు రాసిన విలేకరి మీద కూడా లేదు.

పూర్తి నకలు కూడా జగదీశ్వర్‌కు ఇచ్చిన మాట నిజమే. ఆయన చూసుకోవడానికి మాత్రమే ఇచ్చాను. కాగితం అసలుదని తెలియకపోతే ఏ సభ్యుడూ లేచి నిలబడడు.

జూలై 31, గురువారం

కళావతి ఫోన్ ఎత్తలేదు. నాలుగు సార్లు చేశాను.

జూలై 8 సంగతి ఇక్కడ రాసి ఉంచాలి. రేపు ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

మధ్యాహ్నం మూడు దాటాక కళావతి పనిచేసే కేంద్రానికి వెళ్లాను. రేషన్ దుకాణం మీద రెండు గదులు. మెట్ల మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. లోపల కళావతి ముందు ధూల్‌పేట్ అమ్మాయి, మున్నీ. ఇరవై రెండేళ్లు ఉంటాయి. వాళ్ల ఇంట్లో వినాయక విగ్రహాలు చేస్తారు, కళ్లు దిద్దేది ఈ అమ్మాయి. గోళ్లలో నల్లరంగు.

"నిన్న గూడ వాంతి అయ్యిందా?" కళావతి అడిగింది.

"దీదీ, ఈ గోళీల కన్నా డిస్టెంపర్ తాగుడు నయం."

"తాగు మరి. కడుపుల గణపతి పుడ్తడు."

మున్నీ నవ్వబోయి దగ్గింది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. "భాయ్‌సాబ్‌కు గూడ టీబీయేనా?"

"కాదు, ఆయనది పేపరు."

"అరే, గదింకా పెద్ద బీమారీ గదా దీదీ."

ఆమె వెళ్లిపోయాక కళావతి స్టాక్ రిజిస్టర్ తీసి, ఆ పేజీ దగ్గర తెరిచి, బల్ల మీద నా వైపు తిప్పి పెట్టింది. "అన్నా, నేను చాయ్ తాగొస్త. పది నిమిషాలు పడ్తది."

ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో ఆఫీసుల్లో కాగితాలు ఇలాగే దొరుకుతాయి. వాళ్లు ఇవ్వరు, మనం అడగం. ఫైలు బల్ల మీద ఉంటుంది, మనిషి చాయ్‌కి వెళ్తాడు. రేపు ఎవరడిగినా ఇవ్వలేదని ప్రమాణం చేయవచ్చు, అది అబద్ధం కాదు.

3.22కి ఫోన్‌తో తీశాను. ఒకే పేజీ.

కళావతి చాయ్ తాగదు.

తిరిగొచ్చాక ఒక్కటే అడిగింది. "కింద నా దస్కత్ ఉన్నది అన్నా."

"అది కట్ చేసి ఇస్త. నీ పేరు ఎక్కడ రాదు."

ఇది నా మాట. జూలై 8, 3.35.

ఆగస్టు 1, శుక్రవారం

జగదీశ్వర్ ఢిల్లీ నుంచి ఫోన్ చేశాడు. లా కాలేజీ రోజుల నుంచి తెలిసినవాడు, నాకన్నా రెండేళ్లు పెద్ద. కోర్టులో వాదించినట్టే సభలో కూడా కాగితం లేకుండా నోరు విప్పడు. మంచి పేరుంది. కాగితాలు చాలావరకు నావే.

"ఆమె ఎట్లున్నది కృపా?"

"ఫోన్ ఎత్తుతలేదు. అన్నా, ఆ రెండో కాగితం ఎందుకు తీసినవ్?"

"ధ్రువీకరించమన్నరు గదా. సగం కాగితం మీద దస్కత్ ఎట్ల పెడ్త? ఫోర్జరీ అంటరు. రికార్డు నుంచి తీసేస్తరు, మళ్ల ఆ ముచ్చట ఎవ్వడు ఎత్తడు. నిన్ను అడిగిన గదా."

"నేను చూసేసరికి ఆలస్యమైంది."

వెనకాల ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు.

"సరే. గట్లనే అనుకుందాం," అన్నాడు.

ఆగస్టు 19న అదే శాఖ మళ్లీ సభలో జవాబులు చెప్పే రోజు. రేపటిలోగా నోటీసు వేయాలి. ప్రశ్న రాసి పంపించాను. అయిదు భాగాలు. (అ) ఈ ఏడాది నిల్వ అయిపోయిన కేంద్రాలెన్ని. (ఆ) కారణాలు. (ఇ) జూలై 29న సభకు ఇచ్చిన హామీ మేరకు తీసుకున్న చర్య. (ఈ) ఏ ఉద్యోగిపైనైనా చర్య తీసుకున్నారా, ఎందుకు. (ఉ) కొరత వల్ల మరణాలు సంభవించాయా, అయితే వివరాలు.

ఆఖరిది అలవాటు కొద్దీ రాసింది. ఆరోగ్యం మీద ఏ ప్రశ్న రాసినా చివర పెడతాను.

ఆగస్టు 2, శనివారం

అఫ్జల్‌గంజ్ వెనక సందులో ఇల్లు. తలుపు తీసింది భర్త ప్రకాశం. ఆర్టీసీ డిపోలో మెకానిక్.

"ఆవో, పేపర్ సాబ్. కూసోండ్రి. ఆ కుర్చీకి ఒక కాలు లూజు, జర చూస్కొని."

కూర్చున్నాను.

"మా తాత పేరు ఈ గల్లీ దాటలే. మా అయ్య పేరు డిపో దాటలే. నా పెండ్లాం పేరు సీదా ఢిల్లీకి పోయింది. తరక్కీ అంటే గిది."

"నువ్వు జర లోపలికి పో," కళావతి అంది.

"ఎందుకు పోవాలె? టీవీల అందరి ముందల చెప్పిండ్రు, నా ముందల మాట్లాడనీకి ఏంది?" కానీ వెళ్లాడు. లోపలి నుంచి వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

కళావతి నోటీసు చూపించింది. ఆగస్టు 19, ఉదయం 11 గంటలకు విచారణ. దానికి జవాబు అప్పుడే రాసి ఇచ్చేసింది. నకలు ఇచ్చింది, చదివాను. రిజిస్టర్ తాను ఎవరికీ ఇవ్వలేదు. పేజీ ఎవరు తీశారో తనకు తెలియదు.

"నీ పేరు చెప్పలే అన్నా."

"చెప్పాల్సిందేమో."

"చెప్తే నీ మీద దొంగతనం కేసు పెడ్తరు. నేను చాయ్‌కి పోయిన అన్నట్టే గదా లెక్క."

సమాచారం ఇచ్చినవాళ్ల పేరు కాపాడటం మా పని. ఆమె నాది కాపాడుతోంది.

"ఒక్కటి అడగాలె," అంది. "కట్ చేసిన చిన్న కాపీ ఇస్త అన్నవ్ గదా?"

"ఇచ్చిన."

"మరి?"

"సభల గట్ల అయ్యింది."

నా ముఖం వైపు కొంచెంసేపు చూసింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. నాకు తెలియనిది.

"పంతొమ్మిది దినాలు సున్నా అని రాసినవ్. కరెక్టే. మరి ఆ పంతొమ్మిది దినాలు పన్నెండు మందికి గోళీలు ఎట్ల పోయినయ్ అని అడగలే నువ్వు."

అడగలేదు.

మిగతా కేంద్రాల్లో పనిచేసే వాళ్ల దగ్గర నాలుగు మాత్రల షీట్లు ఒకచోట, రెండు ఇంకోచోట అడిగి తెచ్చింది. ఏ రిజిస్టర్లోనూ ఎక్కకుండా. ఒక కేంద్రం మందు ఇంకో కేంద్రానికి రాతలేకుండా పోకూడదు, నియమానికి విరుద్ధం. మందు ఒక్కవారం ఆగినా ప్రమాదమైన పన్నెండు మందిని ఎంచుకుని, ఆదివారాలు స్కూటీ మీద ఇళ్లకు వెళ్లి ఇచ్చింది. అందులో మున్నీ ఒకతి.

"ఇప్పుడు?"

"ఇప్పుడేంది? నా పేరు టీవీల వచ్చినంక ఎవ్వరు ఫోన్ ఎత్తుతలేరు. ఎత్తితే వాళ్ల నౌకరీ గూడ పోతది గదా. మున్నీకి బుధవారంతోటి అయిపోయినయ్."

లోపలి నుంచి ప్రకాశం గొంతు వినిపించింది. "అడుగు, పేపర్ల ఏమన్న గోళీలు చుట్టిస్తరేమో."

ఆగస్టు 3, ఆదివారం

చర్చికి వెళ్లలేదు.

ఉదయం 11.46కి మెసేజ్. చూసేసరికి ఆలస్యమైంది.

ఆగస్టు 5, మంగళవారం

నాలుగు మందుల దుకాణాల్లో అడిగాను. ఆ మందు బయట అమ్మకానికి రాదు. కోఠీలో ఒకతను వేరే కంపెనీ విడి మాత్రలు చూపించాడు. మోతాదు తెలియదు. తీసుకోలేదు.

జగదీశ్వర్ ఆఫీసు నుంచి ప్రెస్ నోట్. ఈ సమావేశాల్లో ఇప్పటివరకు హాజరు నూరు శాతం, ప్రశ్నలు 58. రాష్ట్రం నుంచి మొదటి స్థానం. సింగిల్ కాలమ్ వార్త రాసి ఇచ్చాను.

ఆగస్టు 7, గురువారం

మందులు వచ్చాయి. ఉదయం 10.40కి వ్యాను. అధికారులు పెట్టెల పక్కన నిలబడి ఫోటో దిగారు. రెండు నెలలకు సరిపడా.

రేపు మొదటి పేజీలో వస్తుంది, 'మా కథనానికి స్పందన' అనే పట్టీతో. ఎడిటర్ అచ్యుతరామయ్య గారు అందరికీ బిస్కెట్లు, చాయ్ తెప్పించారు. నా భుజం తట్టారు. ఇరవై ఏడేళ్లలో ఇది ఆరోసారో ఏడోసారో.

ప్రశ్న అడిగాం, మందు వచ్చింది. ఇది వాస్తవం. దీన్ని కూడా ఇక్కడ రాయాలి.

ఆగస్టు 9, శనివారం

ధూల్‌పేట్ వెళ్లాను. పండుగ ఇంకా పద్దెనిమిది రోజులు. సందుకు రెండు వైపులా విగ్రహాలు, వానకు ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. రంగుల యంత్రం చప్పుడుకు మాట వినపడదు. మున్నీ అన్న బబ్లూ నిచ్చెన దిగి వచ్చాడు. ఒళ్లంతా తెల్లపొడి, చేతికి రాఖీ.

"పొద్దున్నే కట్టింది," అన్నాడు. "ముడి వెయ్యనీకి గూడ దమ్ లేదు. నేనే పంటితోటి గుంజుకున్న."

వెనక గదిలో పడుకుని ఉంది. తల దగ్గర తువ్వాలు, దాని మీద మరకలు. నన్ను గుర్తుపట్టింది.

"భాయ్‌సాబ్, మీ బీమారీ తగ్గిందా?"

తగ్గలేదన్నాను.

మందులు వచ్చాయి కదా అని బబ్లూని అడిగాను. రెండుసార్లు వెళ్లాడట. కళావతి స్థానంలో వచ్చినతను లిస్టులో పేరు లేదన్నాడు. రోగుల రిజిస్టర్ విచారణకు పోయింది. అందులో పేరుంటేనే మందు. లేదా కొత్తగా పరీక్ష చేయించి, కొత్త నంబరు తీసుకోవాలి. శనివారం పరీక్షలు లేవు, రేపు ఆదివారం.

"పెట్టెలు గాడనే ఉన్నయ్ భాయ్. కండ్ల ముందల. నేను పెట్టెని సూస్తున్న, ఆయన కాగితం సూస్తున్నడు."

అక్కడి నుంచే జిల్లా అధికారికి ఫోన్ చేశాను. సోమవారం ఉదయం పంపించండి, నేను చెప్తాను అన్నారు. మర్యాదగానే మాట్లాడారు.

బయటికి వచ్చాక బబ్లూ చేయి పట్టుకున్నాడు. "ఒక్క మాట. చెల్లె బీమారీ పేపర్ల రాయకు. సీజన్ నడుస్తున్నది. ఈ ఇంట్ల చేసిన మూర్తిని ఎవడు కొనడు."

రాయనన్నాను. కళావతికి కూడా ఒక మాట ఇచ్చాను.

గోడ వారగా పది విగ్రహాలు వరుసగా ఉన్నాయి, రంగులన్నీ అయిపోయినవి. కళ్లు దిద్దలేదు. పదకొండో దానికి ఒక కన్ను ఉంది. రెండోది గీస్తుండగా దగ్గొచ్చిందట, గీత చెంప మీదికి పోయింది.

ఆగస్టు 11, సోమవారం

మున్నీకి ఉదయం నోట్లోంచి రక్తం పడింది. పరీక్షకు కాదు, సర్కారు దవాఖానాకు తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు. మందు కూడా మొదలుపెట్టారు.

ఆగస్టు 12, మంగళవారం

జగదీశ్వర్ ప్రసంగం, ఏడు నిమిషాలు. కేంద్రాల్లో ఖాళీలు, కాంట్రాక్టు ఉద్యోగాలు, అప్పటికప్పుడు కొనుగోళ్లు. అంకెలన్నీ సరైనవి. 'నిజం రాసిన ఒక చిన్న ఉద్యోగినిని శిక్షించారు' అన్నాడు. ఈసారి పేరు చెప్పలేదు. బల్లలు చరిచారు.

మంచి ప్రసంగం. నేను రాసింది కాదు.

ఆగస్టు 14, గురువారం

మున్నీ, ఉదయం 6.20కి.

ఆగస్టు 15, శుక్రవారం

పురానాపూల్ దగ్గర నిన్న సాయంత్రం దహనం చేశారు. ఈ రోజు జెండా వందనాలు, ఆఫీసుకు సెలవు లేదు.

డాక్టర్‌తో మాట్లాడాను. మందు ఆగడం వల్లే చనిపోయిందా అని అడిగాను. అంతకుముందే ఊపిరితిత్తులు బాగా పాడైపోయాయి, బలహీనంగా ఉంది, మధ్యలో మందు ఆగింది, ఆలస్యంగా వచ్చింది, ఒకటే కారణమని చెప్పలేమన్నారు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెబుతాను.

నాకు తెలిసిన తేదీలు ఇవి. కళావతి తెచ్చిన మందు జూలై 30తో అయిపోయింది. కళావతిని తప్పించింది జూలై 30. మందుల వ్యాను వచ్చింది ఆగస్టు 7. దవాఖానాలో చేరింది ఆగస్టు 11. పన్నెండు రోజులు. అందులో చివరి నాలుగు రోజులూ మందు కేంద్రంలోనే ఉంది.

ఆగస్టు 16, శనివారం

అచ్యుతరామయ్య గారికి చెప్పాను. విచారణకు వెళ్లి, పేజీ తీసింది నేనని రాసిస్తానని.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "కూర్చోవయ్యా. నువ్వు సాక్షివా, విలేకరివా?"

"ఆమె ఉద్యోగం పోతోంది సార్."

"పోతుంది. నువ్వెళ్లినా పోతుంది, వెళ్లకపోయినా పోతుంది. నువ్వెళ్తే నీది కూడా పోతుంది, అంతే తేడా. రేపు ఏ గుమస్తా అయినా మనకి కాగితం ఇస్తాడంటావా? వీళ్లు విచారణలకెళ్లి అన్నీ చెప్పేస్తారు అనుకోడూ?"

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు.

"అయినా ఆవిడ పేరు చదివింది నువ్వు కాదుగా. ఆయన."

నేను తలూపాను. ఊపిన మాట ఇక్కడ రాస్తున్నాను.

"వెళ్లేదుంటే ప్రెస్ కార్డు ఇక్కడ పెట్టేసి వెళ్లు," అన్నారు. తిట్టినట్టు కాదు, నెమ్మదిగానే.

ఆగస్టు 17, ఆదివారం

ఈ డైరీలో 'చూసేసరికి ఆలస్యమైంది' అన్న వాక్యం మూడుసార్లు ఉంది. లెక్కపెట్టాను. జగదీశ్వర్‌తో అన్నదాంతో కలిపి మూడు.

ఫోన్లో ఉన్నది ఇది.

11.46, జగదీశ్వర్: 'ధ్రువీకరించమంటే చిన్న కాపీ పనికిరాదు. పెద్దది పెట్టనా?'

11.52, నేను: 'సరే.'

ఆరు నిమిషాలు ఆలోచించాను. ఆ ఆరు నిమిషాల్లో కళావతికి ఫోన్ చేయవచ్చు. నంబరు ఉంది. ఆమె వద్దంటుందని తెలుసు. వద్దంటే ఆ కాగితం సభలో నిలబడదు. నిలబడకపోతే మొదటి పేజీ లేదు, మందు రాదు. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మందు అని రాయాలని ఉంది.

సాయంత్రం అఫ్జల్‌గంజ్ వెళ్లాను. ప్రకాశం తలుపు తీశాడు. కుర్చీ గురించి ఏమీ అనలేదు. లోపలి నుంచి వేరే కుర్చీ తెచ్చి వేశాడు.

కళావతికి ఫోన్ ఇచ్చి ఆ రెండు మెసేజ్‌లు చూపించాను. చదివింది. మళ్లీ చదివింది.

"నాకు తెల్సు అన్నా."

"ఎట్ల?"

"ఆ దినం సభల గట్ల అయ్యింది అన్నవ్. ఎన్నడన్న నువ్వు గట్ల మాట్లాడినవా? టైమ్ చెప్తవ్, ఎవరన్నరో చెప్తవ్. గట్ల అయ్యింది అని ఎన్నడనలే."

ప్రకాశం ఫోన్ తీసుకుని చూశాడు. "ఒక్క మాటనే," అన్నాడు.

ఎందుకొచ్చానో చెప్పాను. రాసిస్తే ఆమె ఇచ్చిన జవాబు అబద్ధమని తేలుతుంది. ఎవరు తీశారో తెలియదని రాసింది కదా. నా వాంగ్మూలం వల్ల ఆమెకు మేలు జరుగుతుందో, ఇంకా కీడో నాకు తెలియదు. అందుకే ఈసారి ముందు అడగడానికి వచ్చాను. వద్దంటే ఇవ్వను.

కింద సందులో ఆటో ఒకటి వెనక్కి తీస్తున్నారు.

"దవాఖానాకు పోయినప్పుడు మున్నీ నన్నేమడిగిందో ఎరుకేనా?" అంది. రోగులతో మాట్లాడకూడదన్న ఉత్తర్వు ఉండగానే వెళ్లింది. "దీదీ, నా పేరు లిస్టుల ఎక్కిందా అని. ఎక్కింది అన్న. అబద్ధం. ఎక్కలే."

"కళా," అన్నాడు ప్రకాశం.

"ఆగయ్యా. అన్నా, ఇయ్యి. ఇస్తే సగం ఇయ్యకు. నేను రిజిస్టర్ తెరిచిపెట్టి పోయిన అని రాయి. ఎరుక ఉండే పోయిన అని రాయి. గోళీలు అడిగి తెచ్చిన అని రాయి, పన్నెండు మందికి. ఎవరిచ్చిండ్రో మాత్రం రాయకు, వాళ్లకు పిల్లలున్నరు. మున్నీ పేరు రాయి."

"బబ్లూ వద్దన్నడు."

"నేను పోయి అడిగిన. ఇంట్ల ఇంక కండ్లు పెట్టేటోళ్లు లేరు, మూర్తులు గట్లనే పోతున్నయ్, ఇంక దాచేది ఏమున్నది అన్నడు."

"నీ నౌకరీ మొత్తం పోతది. మందులు రాతలేకుండా తెచ్చిన సంగతి వాళ్లకు ఇప్పటిదాకా తెల్వదు."

"తెల్వదు గదా. మున్నీ ఉండె అని గూడ తెల్వదు."

ప్రకాశం లేచి లోపలికి వెళ్లాడు. చాయ్ పెట్టుకొచ్చాడు, మూడు గ్లాసులు. కళావతి తన గ్లాసు నా ముందుకు జరిపింది.

ఆగస్టు 18, సోమవారం

వాంగ్మూలం రెండు పేజీలైంది. విశేషణాలు లేవు. మూడుసార్లు రాశాను. మొదటిసారి 'దురదృష్టవశాత్తు' అని ఒక చోట పడింది, కొట్టేశాను.

మధ్యాహ్నం తీసుకెళ్లి కళావతికి చదవడానికి ఇచ్చాను. ఇరవై ఏడేళ్లలో అచ్చుకు ముందు ఎవరికీ నా రాత చూపించలేదు. మా పనిలో చూపించకూడదు. రెండు చోట్ల దిద్దింది. ఆమె వెళ్లిన ఇళ్లు పన్నెండు కాదు, ఇద్దరు ఒకే ఇంట్లో వాళ్లు కాబట్టి పదకొండు. మున్నీకి మొదట మందు మొదలుపెట్టింది మార్చి కాదు, ఫిబ్రవరి 24. తేదీలన్నీ చూడకుండానే చెప్పింది.

మిగిలిన పదకొండు మందిలో తొమ్మిది మందికి కొత్త నంబర్లు వచ్చాయి, మందు అందుతోంది. ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు. వాళ్ల పేర్లు కూడా రాయించింది.

కింద నా సంతకం పెట్టాను. పక్కన ఆమె పెట్టింది. జిరాక్స్ తీయించాను. ఏ అంచూ కత్తిరించలేదు.

ఆఫీసుకు వెళ్లి అచ్యుతరామయ్య గారి బల్ల మీద కార్డు పెట్టాను. ఆయన సమావేశంలో ఉన్నారు. వచ్చేదాకా ఆగలేదు.

జగదీశ్వర్‌కు రెండు పేజీలూ పంపాను. 4.10కి చూశాడు. 4.31కి ఫోన్ చేశాడు.

"కృపా, ఇది నేను సభ ముందు పెడితే నీ పేరు, ఆమె పేరు, ఆ పిల్ల పేరు, అన్ని రికార్డుల పడ్తయ్. మళ్ల తియ్యరాదు."

"తెల్సు."

"ఆమెను అడిగినవా?"

"అడిగిన."

"మంత్రి జవాబు అచ్చయిపోయి ఉంటది. హామీ నెరవేరింది, బాధ్యురాలిని తప్పించినం, మందులు పంపినం అనే ఉంటది. మరణాలు లేవు అనే ఉంటది. పోయిన వారం పంపిన సమాచారం గదా."

"ఉంటది."

"పెట్టమంటవా?"

ఈసారి ఒక్క మాటలో చెప్పలేదు. ఏ పేజీలో ఏముందో, ఎవరి అనుమతి ఎప్పుడు తీసుకున్నానో, ఎవరి పేర్లు కావాలని వదిలేశామో చెప్పాను. ఆయన రాసుకున్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది.

రేపు మంగళవారం, ఆగస్టు 19. ఉదయం 10.15కి ప్రకాశం బండి మీద కళావతి వస్తుంది, గేటు దగ్గర కలవాలి. 11 గంటలకు విచారణ, రెండో అంతస్తు. ఫోన్లు బయట పెట్టాలి. 12 గంటలకు రాజ్యసభలో ప్రశ్నోత్తరాలు. జగదీశ్వర్ ప్రశ్న జాబితాలో రెండోది. చివరి భాగం (ఉ): కొరత వల్ల మరణాలు సంభవించాయా, అయితే వివరాలు.